బొమ్మకు గొంతు

కోర్టు గోడలు గాలికి ఊగుతున్నాయి. మా ఆయన జడ్జి కుర్చీలో కూర్చుని ఉరిశిక్ష చదువుతున్నాడు. బోనులో ఉండాల్సిన నేను గులకరాళ్ళ మీద పీట వేసుకుని, గొడుగు కింద కూర్చుని చూస్తున్నాను.

ఇంగ్లండులో షోరమ్ అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు అది. కోర్టంటే కర్రలకు బిగించిన రంగు గుడ్డలు. పైకప్పు లేదు. బొమ్మలు పట్టే పెట్టెకు ఎండ కావాలి కాబట్టి జడ్జికీ ముద్దాయికీ జ్యూరీకీ అందరికీ నెత్తిన ఎండే. మబ్బు అడ్డమొస్తే న్యాయం ఆగిపోయేది. జ్యూరీలో కూర్చున్న చేపలవాళ్ళు టోపీలు మొహాల మీదికి లాక్కుని కునుకు తీసేవాళ్ళు.

కొత్త రాజుగారికి పట్టాభిషేకం జరిగిన వేసవి, 1911. వేసవిలో మాలాంటి నాటకాల కంపెనీలకు పని ఉండదు. బ్రైటన్‌లో చివరి ఆట ముగించి మేం మొహాలకు రంగు తుడుచుకుంటుంటే, పాస్కో అనే ఒకాయన, బయస్కోపు బొమ్మలు తీసే మనిషి, లోపలికి వచ్చాడు. "మీ నాటకాన్ని పావుగంట బొమ్మగా తీస్తాను. దేశంలో ప్రతి ఊరూ మిమ్మల్ని చూస్తుంది," అన్నాడు మా ఆయనతో.

"పావుగంటలో నేను కోటు గుండీలు కూడా పెట్టుకోలేనయ్యా," అని సామ్ నవ్వి పంపేశాడు. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ మాత్రం, "ప్రతి ఊరూ అన్నాడు కదూ?" అని నన్ను అడిగాడు.

బయట ఆయన పేరు మోర్టిమర్ వేన్. కంపెనీ వాళ్ళకు పెద్దాయన. నాకు సామ్ క్లెగ్, ప్రెస్టన్‌లో చెప్పులు కుట్టే క్లెగ్ కొడుకు. 'హార్‌గ్రేవ్ తీర్పు' నాటకమే మాకు కూడూ గుడ్డా. అనుమానంతో భార్యను వెళ్ళగొట్టిన ఒక జడ్జి, ఇరవై ఏళ్ళ తర్వాత, ముసుగు వేసుకుని బోనులో నిలబడ్డ ఒక ఆడదానికి ఉరిశిక్ష వేస్తాడు. అప్పుడామె ముసుగు ఎత్తుతుంది. "నాకు మీరు వేసిన శిక్షల్లో ఇది రెండోది," అంటుంది. జడ్జి చాలాసేపు మాట్లాడడు. తర్వాత ఆమె పేరు గుసగుసగా పిలుస్తాడు. ఆ గుసగుస పై గ్యాలరీలో చివరి బెంచీదాకా వినిపించేది. అలాంటి గొంతు సామ్‌ది. మా పెళ్ళయిన ఏడు నుంచీ ఆ బోనులో నిలబడింది నేనే.

ఆ రోజు పొద్దున్న కూడా ముసుగు వేసుకుని తయారయ్యాను. పాస్కో నన్ను ఎండలోకి తీసుకెళ్ళి, ముసుగు తీయించి, గడ్డం కింద వేలు పెట్టి మొహం అటూ ఇటూ తిప్పాడు, సంతలో గుర్రాన్ని చూసినట్టు.

"ఏమీ అనుకోకండి అమ్మా. మీ వయసెంత?"

"నాటకంలోనా, బయటా?"

"ఈ ఎండలో."

"నలభై నాలుగు."

"నాటకం దీపాల కింద మీరు ఎంతంటే అంత. ఎండకి మొహమాటం లేదమ్మా. మొదట్లో ఆమెని పెళ్ళికూతురిగా కూడా చూపించాలి కదా. చిన్నపిల్ల నెత్తిన తెల్లజుట్టు పెట్టగలను. పెద్దావిడకి..." అని ఊరుకుని, చుట్టూ చూశాడు. టీ పాత్ర మోసుకొస్తున్న విన్నీ కనిపించింది. మా కంపెనీలో పనిమనిషి వేషం వేసే పిల్ల. ఇరవై ఒకటో రెండో ఉంటాయి. "అదిగో, ఆ అమ్మాయి," అన్నాడు.

నేను సామ్ వైపు చూశాను. ఆయన చేతద్దంలో చూసుకుంటూ జడ్జి విగ్గు సర్దుకుంటున్నాడు.

"నీ గొంతు లేకపోతే ఆ వేషమే లేదు హెస్టర్," అన్నాడు. "ఇందులో గొంతే లేదుగా. వట్టి బొమ్మ. ఎవరు నిలబడితే ఏంటి?"

"అలాగైతే నువ్వెందుకు నిలబడటం?"

"నేను మోర్టిమర్ వేన్‌ని కదా," అన్నాడు అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా. ఊరికే నవ్వులాటకు అన్నాడనుకున్నాను.

విన్నీ నా దగ్గరకు వచ్చి, "ముసుగు ఏ చేత్తో ఎత్తాలమ్మా?" అని అడిగింది. "ఎడం చేత్తో. కుడి చెయ్యి బోను కర్రని పట్టుకునే ఉండాలి. వదిలేస్తే పడిపోతానని ఆమెకి భయం," అని చూపించాను. మాట కూడా చెప్పాను. ఎండలోకి వెళ్ళేసరికి అది మాట మర్చిపోయింది. "ఏదో ఒకటి అనమ్మా, పెదాలు కదిలితే చాలు! మబ్బొస్తోంది!" అని పాస్కో అరిచాడు. విన్నీ ముసుగెత్తి, కళ్ళనిండా నీళ్ళతో, "నా బూటులో రాయి దూరింది అయ్యగారూ, ప్రాణం పోతోంది," అంది. చేపలవాళ్ళు నవ్వాపుకోలేక మెలికలు తిరిగారు. సామ్ మాత్రం ఒక్క అక్షరం తప్పలేదు. గాలికి గోడలు ఊగుతున్న ఆ కోర్టులో తన మాటలన్నీ, గుసగుసతో సహా, వినే పెట్టె లేదని తెలిసీ, నిండుగా పలికాడు. అది చూసి నాకు గర్వంగానే ఉంది. ఆ సంగతి కూడా చెప్పాలి.

*

సెప్టెంబరులో లాంకషైర్ మిల్లుల ఊళ్ళకు బయల్దేరాం. బ్లాక్‌బర్న్‌లో రైలు దిగి బసకి నడుస్తుంటే వీధిలో గోళీలాడుతున్న పిల్లలు లేచి నిలబడ్డారు.

"ఒరేయ్, జడ్జిరా! జడ్జి!"

ఒకడు నేలమీది గోనెపట్టా నెత్తిన వేసుకుని, చెయ్యి పైకెత్తి, నోరు తెరుస్తూ మూస్తూ సామ్‌ని వెక్కిరించాడు. అచ్చం ఆయనే. ఇన్నేళ్ళలో ఏ ఊళ్ళోనూ వీధిలో ఆయన్ని గుర్తుపట్టినవాళ్ళు లేరు. రంగు తుడిస్తే ఆయన ఎవరికీ తెలియడు. సామ్ టోపీ తీసి ఆ పిల్లలకు వంగి దండం పెట్టాడు.

మాకన్నా ముందు మా బొమ్మ ఆ ఊరికి వచ్చి వారమైంది. మార్కెట్ పక్కన బయస్కోపు హాలు గోడ మీద ఆయన పేరు మా నాటకం గోడపత్రిక కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. మధ్యాహ్నం ఆటకి నన్ను తీసుకెళ్ళాడు. జీవితంలో మొదటిసారి సామ్ తను నటిస్తుండగా తనని చూశాడు. మొదట్లో నా చెయ్యి పట్టుకున్నాడు. జడ్జి లేచి నిలబడేసరికి చెయ్యి వదిలేసి ముందుకి వంగాడు. మళ్ళీ నా వైపు చూడలేదు. బయటికి వచ్చాక, "నా చేతులు బాగున్నాయి కదూ? నా చేతులు అంత బాగుంటాయని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వెళ్ళేవాడు. సాయంత్రం నాటకంలో చేతులు తెర మీద తిరిగినట్టే తిరగసాగాయి. గుసగుస దగ్గర ఊరికే పెదవులు కదిపి ఆపేస్తున్నాడు. మా కంపెనీలో కోర్టు గుమాస్తా వేషం వేసే ముసలి టోబీ ఓ సాయంత్రం స్టేజీ పక్క వింగులో నా చెవిలో, "పెద్దాయన ఇప్పుడా బొమ్మని చూసి నేర్చుకుంటున్నాడమ్మా. గురువుని మించిన శిష్యుడు కావడం మాత్రం కష్టం," అన్నాడు.

జనం సగమే వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా మొదటి అంకం నుంచే కదలడం మొదలుపెట్టారు. పావుగంటలో తేలిపోయిన కథకి మూడు గంటలెందుకని వాళ్ళ బాధ. శుక్రవారం నాడు నేను ముసుగు ఎత్తాను.

"ఈవిడెవర్తే?" అంది గ్యాలరీలోంచి ఓ ఆడమనిషి, పక్కదానితో మాట్లాడుతున్నట్టే.

"ఆమె కాదు కదా! అసలామె ఏదయ్యా?"

"బొమ్మలో చూశాం. చక్కటి పిల్ల."

"ఆ పిల్ల జీతం ఎక్కువ అడిగిందేమో. ఈమె చవగ్గా దొరికుంటుంది!"

గ్యాలరీ అంతా నవ్వింది. వింగులో టీ పళ్ళెం పట్టుకున్న విన్నీ ఏడ్చేస్తోంది. "నాకు మీరు వేసిన శిక్షల్లో ఇది రెండోది," అని నా మాట నేను చెప్పాను. వినిపించేట్టే చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట దగ్గర సామ్ నా కళ్ళలోకి చూసేవాడు. ఆ రోజు గ్యాలరీ వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్న బస ఇచ్చిన ఇంటావిడ పొగబెట్టిన చేపలు పెట్టి వెళ్ళింది. సామ్ చాలాసేపు ముళ్ళు తీస్తూ కూర్చున్నాడు.

"జనం అడిగింది ఇవ్వడమే మన పని హెస్టర్."

"జనం ఏమడిగారు?"

"నువ్వూ విన్నావుగా."

"నేను వినలేదు. నా మాట చెప్పుకునే పనిలో ఉన్నాను."

"జడ్జిగారింట్లో పెద్ద పనిమనిషి వేషం తక్కువదేం కాదు. రెండో అంకంలో దానికి చప్పట్లు కూడా పడతాయి."

"అయితే నువ్వు వెయ్యి," అన్నాను.

చేపముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. ఆ మధ్యాహ్నం నా నల్ల గౌను విన్నీకి తొడిగి, నడుము దగ్గర నాలుగు వేళ్ళ మేర లోపలికి కుట్టాను. సూది పెడుతుంటే అది ఊపిరి బిగబట్టి నిలబడింది.

"నాకు ఇష్టం లేదమ్మా. ఒట్టు."

"కదలకు. గుచ్చుకుంటుంది."

"నా గొంతు మూడో వరసకి కూడా పోదు. మీకు తెలుసుగా. పెద్దాయనకి చెప్పండమ్మా."

"నువ్వే చెప్పు," అన్నాను. చెప్పలేదు. ఎవరు చెప్పగలరు?

ఆ పిల్ల అన్నట్టే అయింది. రోచ్‌డేల్‌లో మొదటి ఆటకే గ్యాలరీ "గట్టిగా! గట్టిగా!" అని అరిచింది. రెండో ఆటకి విన్నీ గొంతు పూర్తిగా పోయింది. ముసుగెత్తి నోరు కదిపితే లోపల్నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బుధవారం థియేటరు మేనేజరు మా నాటకం ఎత్తేసి, గంతులు వేసే కుక్కల ఆట పెట్టుకున్నాడు. కుక్కలవాడు మంచివాడు. మా సామాను సర్దుకునేదాకా కుక్కల్ని మెట్లమీద కూర్చోబెట్టి ఆగాడు.

తర్వాతి ఊళ్ళ మేనేజర్లందరూ ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. ఆదివారం పొద్దున్న స్టేషనులో కంపెనీ విడిపోయింది. ఆదివారాలు రైళ్ళలో చేపల బుట్టలూ నాటకాలవాళ్ళూ మాత్రమే ఎక్కుతారని మాలో ఒక సామెత. ఆ రోజు చేపలు కూడా లేవు. టోబీ తన సంచి భుజాన వేసుకుని సామ్ ముందుకు వచ్చాడు.

"పదిహేనేళ్ళుగా మీ కోర్టులో 'నిశ్శబ్దం' అని అరిచాను పెద్దాయనా. ఎన్నడూ ఎవరూ మాట వినలేదు. ఇప్పుడు విన్నారు," అన్నాడు. కోపంగా అనలేదు. చెయ్యి కలిపి, దగ్గుతూ వెళ్ళి మూడో తరగతి పెట్టెలో కూర్చున్నాడు.

విన్నీకి పాస్కో దగ్గర్నుంచి తంతి వచ్చింది, వెంటనే లండన్ రమ్మని. దాన్ని చేతిలో నలుపుతూ నిలబడింది.

"నా సంగతేమైనా రాశాడా?" అన్నాడు సామ్.

"లేదండీ." గొంతు ఇంకా రాలేదు దానికి. తల అడ్డంగా ఊపితే తెలుసుకున్నాం.

"రాస్తాడులే. పెద్ద వేషాలకి ఆలోచించుకోవాలి కదా," అన్నాడు.

*

మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాడు ఆల్బర్ట్ ఓగ్డెన్. బర్న్‌లీలో పత్తి గోదామును బయస్కోపు హాలుగా మార్చిన మనిషి. బస ఇంట్లో టోపీ తీయకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా హాలుకి పోటీగా వీధి చివర ఇంకోడు పెట్టాడండీ. వాడి దగ్గర పియానో ఉంది, నా దగ్గరా ఉంది. నా దగ్గర ఇంకేదైనా ఉండాలి. మీ బొమ్మ నా దగ్గరకొస్తోంది. మీరిద్దరూ తెర వెనక నిలబడి మాటలు చెప్పండి. బొమ్మ మాట్లాడుతుందని గోడలకి రాయిస్తా."

"నా బొమ్మకి నేనే గొంతా?" అన్నాడు సామ్.

"మరి వేరేవాణ్ణి పెట్టమంటారా?"

సామ్ ఒప్పుకున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేను గిన్నెలు కడుగుతున్నాను.

తెర వెనక ఇటుక గోడకీ గుడ్డకీ మధ్య మనిషి నిలబడేంత సందు. వెనకనుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది. సామ్ ఆ సందులో, పాత కోటు వేసుకుని, తనకు రెండింతలున్న తన మొహం వైపు చూస్తూ తీర్పు చెప్పేవాడు. నేను విన్నీ మొహం వైపు చూస్తూ నా మాట చెప్పేదాన్ని. మొదటి ఆటకి నేను ఆ మాట అనగానే హాల్లో ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. రెండో ఆటకీ నవ్వారు. తప్పెక్కడ జరుగుతోందో నాకు అర్థం కాలేదు.

ఆట అయ్యాక గుమ్మం బయట బండి దగ్గర ఉడికించిన బఠాణీలు తింటుంటే ఒక మిల్లు మనిషి పలకరించింది. పేరు థర్జా. శాలువా నిండా పత్తి పీచు.

"తెర వెనక మాట్లాడేది నువ్వేనా తల్లీ? మంచి గొంతు. కానీ ఆ పిల్ల చెప్పేది వేరు, నువ్వు చెప్పేది వేరు."

"ఏం చెబుతోంది?"

"బూటులో రాయి దూరిందంటోంది పాపం!" అని థర్జా పొట్ట పట్టుకుని నవ్వింది. "మగ్గాల మోతలో మాకు మాటలేం వినపడతాయి? పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఇక్కడ హాలంతా మిల్లువాళ్ళమే."

నాకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. "మరి ఆ జడ్జి?" అని అడిగాను.

"ఆయనా? అబ్బ! ఒక్క మాట పొల్లు పోదు. చివర్లో ఆమె పేరు పిలుస్తాడే, అది చూసి మా అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు."

ఈ మాట సామ్‌తో చెప్పాను. రాయి సంగతి చెప్పలేదు. జడ్జి సంగతి మాత్రం చెప్పాను. చెబితే సంతోషిస్తాడనుకున్నాను. సంతోషించాడు.

శనివారం మిల్లులు మధ్యాహ్నానికే మూసేస్తారు. హాలు కిక్కిరిసిపోయింది. పిల్లలు నేలమీద కూర్చున్నారు. బొమ్మ మొదలై, జడ్జి కోర్టులోకి వచ్చి కూర్చున్నాడు. నోరు తెరిచాడు. పక్కనుంచి మాట రాలేదు. తిరిగి చూస్తే సందులో సామ్ లేడు.

తెర అంచు తొలగించి చూశాను. ముందు బెంచీలో, ఇద్దరు ముసలమ్మల మధ్య, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తున్నది తనని కాదు. వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు. తెర మీద జడ్జి ఉరిశిక్ష చదివాడు, మాట లేకుండా. హాల్లో పియానో కూడా ఆగిపోయింది. మిల్లువాళ్ళ చెక్క బూట్ల చప్పుడు కూడా లేదు. నా వంతు వచ్చింది, నా మాట నేను చెప్పాను. ఈసారి రాయి గురించి ఎవరూ నవ్వలేదు. వాళ్ళ కళ్ళు జడ్జి మీదే ఉన్నాయి. జడ్జి చాలాసేపు ఊరుకుని, ఆమె పేరు పిలిచాడు. ఆడవాళ్ళు శాలువాల కొంగుల్తో కళ్ళు ఒత్తుకున్నారు.

దీపాలు వెలిగాక సామ్ సందులోకి పరిగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పాతికేళ్ళ వాడిలా ఉన్నాడు.

"చూశావా హెస్టర్? ఒక్కరు కదిలితే ఒట్టు! నేను నోరు మెదపలేదు. గొంతు లేకుండా ఏడిపించాను. వాళ్ళకి నా గొంతు అక్కర్లేదు!"

"చూశాను," అన్నాను.

ఆయన వెనకే ఓగ్డెన్ నిలబడి ఉన్నాడు. టోపీ మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు.

"నేనూ అదే చూశానండీ," అన్నాడు. "మీ గొంతు అక్కర్లేదు. సోమవారం నుంచి అమ్మగారు ఒక్కరూ చాలు. ఆ పిల్ల పెదాల మీద ఏవేవో మాటలున్నాయి, దానికి ఎవరో ఒకరు ఉండాలి. మీరంత శుభ్రంగా చెప్పాక ఇంక నేను డబ్బులిచ్చి చెప్పించడమెందుకు? తప్పుగా అనుకోకండి. మెచ్చుకునే అంటున్నా."

సామ్ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు ఆయనకి. ఓగ్డెన్ నా వైపు తిరిగాడు.

"ఏమంటారమ్మా?"

ఇద్దరూ నా కోసం ఆగారు. నేను మాట్లాడేవరకు మగవాళ్ళిద్దరు ఆగడం నాకు గుర్తుండి అదే మొదటిసారి.

"వస్తాను," అన్నాను.

ఆదివారం పొద్దున్న సామ్ గీసుకున్న గడ్డం మళ్ళీ గీసుకున్నాడు. కణతల దగ్గర తెల్లబడ్డ జుట్టుకి నల్లరంగు పూశాడు. జడ్జి గౌనూ విగ్గూ పెట్టెలో సర్దుతూ, "లండన్ వెళ్ళి పాస్కోకి చెబుతాను. ఇంత ఏడ్చారని వాడికి తెలీదు కదా పాపం," అన్నాడు. స్టేషనుదాకా పెట్టె ఒక పక్క నేను పట్టుకున్నాను. రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి నన్ను అడిగాడు.

"నువ్వు రావా?"

"రేపు ఆట ఉంది."

"నీ కోసం కూడా మాట్లాడతాను అక్కడ."

"ఎండలో నా వయసెంతో ఆయనకి తెలుసు సామ్," అన్నాను.

గార్డు ఈల వేశాడు. సామ్ టోపీ ఎత్తాడు, బ్లాక్‌బర్న్ పిల్లలకు ఎత్తినట్టే. రైలు కదిలాక చూశాను, ప్లాట్‌ఫారం మీద ఎవరెవరు తనని చూస్తున్నారో అని ఆయన కళ్ళు వెతుకుతున్నాయి.

*

ఆ చలికాలంలో రెండు కార్డులు రాశాడు. పెద్ద వేషం రాబోతోందని రెండింట్లోనూ ఉంది. నేను ఓగ్డెన్ హాల్లో ఎందరెందరికో మాటలు చెప్పాను. రాణులకి, దొంగలకి, చచ్చిపోయే తల్లులకి. ఒకసారి ఒక గుర్రానికి కూడా. థర్జా నాకు స్నేహితురాలైంది. ఏ బొమ్మలో ఎవరు ఏం పలుకుతున్నారో ముందు ఆటలో చూసి చెప్పేది, రెండో ఆటకి నేను సర్దుకునేదాన్ని. బర్న్‌లీ వాళ్ళకి నా గొంతు తెలుసు. రొట్టెల కొట్లో నేను నోరు విప్పితే, "అరె, బొమ్మ మాట్లాడుతోంది," అనేవాళ్ళు.

మార్చిలో బొగ్గు గనుల వాళ్ళు సమ్మె కట్టారు. హాల్లో పొయ్యి ఆరిపోయింది. జనం కోట్లు విప్పకుండా కూర్చునేవాళ్ళు. ఆ వారమే పాస్కో కొత్త బొమ్మ వచ్చింది. జమీందారు కూతురుగా విన్నీ. ఈ మధ్యలో అది నిలబడటం నేర్చుకుంది. భుజాలు దించి, మెడ ఎత్తి, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు అతన్నే చూస్తోంది. ఎవరో నేర్పారు, లేకపోతే తనే నేర్చుకుంది. బాగుంది. కళ్ళు కుట్టేంత బాగుంది.

రెండో భాగంలో విందు. తలుపు తెరుచుకుంది. తలుపు తీసిన నౌకరు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. తిరగబడ్డ బొమ్మలో పాపిడి రెండో వైపుకి ఉంది, అందుకని ఒక్క క్షణం పట్టింది. చేతులు ముందు గుర్తుపట్టాను.

సామ్ లోపలివాళ్ళ వైపు తిరిగి ఏదో అన్నాడు. చిన్న మాట కాదు. పెదవులు చాలాసేపు కదిలాయి, శుభ్రంగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా. నౌకరు వేషానికి అంత మాట ఎవరిస్తారు? తనే అల్లుకుని ఉంటాడు. నాకు పెదవులు చదవడం రాదు. ఏ మాట పెట్టాలో తెలియక నేను ఊరుకున్నాను. వెంటనే విన్నీ లేచి నిలబడింది, దానికి మాట చెప్పాలి, చెప్పాను. మళ్ళీ చూసేసరికి తలుపు మూసి ఉంది.

ఆట అవగానే గుమ్మం దగ్గరకు పరిగెత్తాను. థర్జా పిల్లలకు శాలువాలు చుడుతోంది.

"ఆ నౌకరు ఏమన్నాడు థర్జా?"

"ఏ నౌకరు?"

"విందులో. తలుపు తీశాడే, అతను."

థర్జా ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కళ్ళు చిట్లించి.

"చూడలేదే తల్లీ," అంది. "ఆ వేళకి నేను పిల్ల వేసుకున్న గౌను చూస్తున్నా. రెండో ఆటకి చూసి చెప్పనా?"

వెనక నుంచి ఓగ్డెన్ కేకేశాడు, జనం వచ్చేస్తున్నారని.

"అక్కర్లేదులే," అన్నాను.